సర్కారు బడి చరిత్ర రాయాలా? ముందు ఫ్లెక్సీ కొట్టించకండి

2016లో హైదరాబాద్‌లోని మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక ఫొటో పెట్టాడు. మెట్లెక్కగానే తలుపు పైన, ఏళ్ల తరబడి వేసిన సున్నం కింద సగం పూడిపోయిన రాతిపలక. ఉర్దూలో రెండు వరుసలు, చివర అంకెలు. అవి 1334 అని ఎవరో చదివారు, హిజ్రీ (ముస్లింల చాంద్రమాన లెక్క) అయ్యుంటుందని ఇంకెవరో అన్నారు, ఫోన్‌లో కొట్టి చూస్తే 1916 వచ్చింది. అంటే నూరేళ్లు! ఆ సాయంత్రానికే చందాల లిస్టు మొదలైంది. పది రోజుల్లో గేటుకి ఇరవై అడుగుల ఫ్లెక్సీ, దాని మీద 'శతాబ్ది ఉత్సవాలు 1916–2016', పక్కన చందా ఎక్కువ ఇచ్చినవాళ్ల ఫొటోలు. నేనూ వెయ్యి రూపాయలిచ్చాను, నా ఫొటో రాలేదు, అది వేరే సంగతి.

సభ అయిపోయి టెంట్ విప్పుతుంటే ఉర్దూ మీడియం టీచరమ్మ ఒకావిడ పలక వైపు తలెత్తి చూసి, "ఇది హిజ్రీ కాదు కదా సార్, ఫస్లీ. అంకె పక్కన ఫె అక్షరం ఉంది చూడండి" అన్నది. ఫస్లీ అంటే నిజాం సర్కారు పనులకి వాడిన ఏడాది లెక్క, అందులో 1334 అంటే 1924–25. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు ముందే నూరేళ్ల పండుగ చేసేశాం. అంతటితో ఆగినా బాగుండేది. పైనున్న రెండు వరుసలు కూడా చదివించాక తెలిసింది, అది అసలు బడి పలకే కాదు, ఆ దేవిడీ (పాతకాలపు పెద్ద భవంతి) కట్టించుకున్న పెద్దమనిషి ఇంటి పలక. మా బడి ఆ ఇంట్లోకి అద్దెకు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత.

ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి నలుగురం కలిసి మూడేళ్లు తిరిగి అరవై పేజీల చిన్న పుస్తకం చేశాం. ఆ తిరుగుడులో తెలిసినవి ఇక్కడ రాస్తున్నా, మీ బడికి పనికొస్తాయని. మా బడి పేరు మాత్రం చెప్పను, ఫ్లెక్సీ కొట్టించినవాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు.

"ఎప్పుడు పుట్టింది" అని మొదలుపెడితే ఇరుక్కుంటారు

హైదరాబాద్‌లో పాత సర్కారు బడికి ఒక్క పుట్టినరోజు ఉండదు. ఒక బస్తీలో ఎవరిదో ఇంట్లో చిన్న క్లాసులతో మొదలవుతుంది, పిల్లలు పెరిగి ఇంకో ఇంటికి మారుతుంది, పై క్లాసులు వస్తాయి, పేరు మారుతుంది, మీడియం మారుతుంది, పక్క బడిని దీంట్లో కలుపుతారు లేదా దీంట్లోంచి ఆడపిల్లల బడిని విడదీస్తారు. వీటిలో దేన్ని పుట్టుక అనాలన్నది మీ ఇష్టం, కానీ ఏది ఏ ఏడాది జరిగిందో విడివిడిగా తెలియాలి.

మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ఉన్న సిటీ కాలేజీనే తీసుకోండి. విన్సెంట్ ఎష్ గీసిన ఆ కట్టడం 1921 నాటిది, కానీ సిటీ స్కూలు అంతకంటే పాతది, అది కాలేజీ అయింది 1929లో. మూడు సంగతులు, మూడు లెక్కలు. గన్‌ఫౌండ్రీలో ఉన్న ఆలియా స్కూలు కథ ఇంకా తమాషా: నిజాం దివాన్ మొదటి సాలార్ జంగ్ కాలంలో పుట్టిన మదర్సా-ఎ-ఆలియా, 1887లో నిజాం కాలేజీ ఏర్పడినప్పుడు దానికి ఒక పునాది అయింది, అయినా బడి బడిగానే ఈనాటికీ నడుస్తోంది. అంత పేరున్న బడులకే ఇట్లా ఉంటే మన బస్తీ బడి సంగతి చెప్పక్కర్లేదు.

పాత కాగితాల్లో మీ బడి పేరు ఇప్పటి పేరుతో కనిపించదు. నిజాం కాలంలో బడి మెట్లు మూడు. తహ్తానియా అంటే ప్రైమరీ, వస్తానియా అంటే మిడిల్, ఫౌఖానియా అంటే హైస్కూలు. ముందు మదర్సా అని ఉంటుంది. అది మతం చదువు బడి అనుకుని మా గ్రూపులో ఒకాయన పెద్ద గొడవే పెట్టాడు. ఉర్దూలో మదర్సా అంటే బడి, అంతే. హెడ్మాస్టరుని సదర్ ముదర్రిస్ అనేవారు, చదువుల శాఖ తాలీమాత్. ఈ అయిదారు మాటలు నోటికి రాకుండా వెతకడం మొదలుపెడితే, కళ్లముందే ఉన్న ఫైలు మీది కాదనుకుని పక్కన పెడతారు. మేం పెట్టాం. 'మదర్సా వస్తానియా' తర్వాత మా బస్తీ పాత పేరున్న ఒక కాగితాన్ని రెండుసార్లు పక్కన పెట్టి, మూడోసారి తీశాం.

పలక చదవడం

రాతిపలక ఉంటే రాత్రి ఏడు తర్వాత వెళ్లండి. టార్చి పలకకి ఎదురుగా కొడితే ఏమీ కనబడదు. గోడకి ఆనించినట్టు పట్టుకుని పక్కనుంచి వెలుగు వేస్తే చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. ఒకరు టార్చి నెమ్మదిగా చుట్టూ తిప్పుతుంటే ఇంకొకరు వరసగా ఫొటోలు తీయాలి, ఎడమ వెలుగులో కనిపించని గీత కుడి వెలుగులో దొరుకుతుంది. సున్నం గీకుదామని చాకు పట్టుకోకండి. యాసిడ్ అనే మాట ఎవరైనా ఎత్తితే వాళ్లని ఇంటికి పంపేయండి.

ఉర్దూ రాకపోయినా అంకెలు పావుగంటలో నేర్చుకోవచ్చు. రాత కుడి నుంచి ఎడమకి అయినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. ఒకటి నిలువు గీత. ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరంలా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటాయి. సున్నా ఉత్త చుక్క, రాయి మీద అది చెక్కుడు దెబ్బో సున్నానో తేల్చడం కష్టం. అయిదు గుండ్రంగా ఉండి మనకి సున్నాలా కనిపిస్తుంది, సగం పొరపాట్లు అక్కడే.

ఇక ఏడాది. నిజాం రాజ్యంలో సర్కారు పనులకి ఫస్లీ నడిచేది, మతపరమైన వాటికీ సొంత కట్టడాలకీ హిజ్రీ కూడా వాడేవారు. అంకె పక్కన చుక్క ఉన్న ఫె అక్షరం ఉంటే ఫస్లీ, రెండు కళ్ల హె ఉంటే హిజ్రీ. నెల పేరు ఉంటే ఇంకా నయం. ముహర్రం, సఫర్, రంజాన్ లాంటివైతే హిజ్రీ. ఆజర్, దై, బహమన్, ఖుర్దాద్, తీర్, మెహర్, ఆబాన్ లాంటివైతే ఫస్లీ. ఫస్లీ ఏడాది ఆజర్‌తో, అంటే అక్టోబరు మొదటివారంలో మొదలవుతుంది. కాబట్టి ఆజర్, దై, బహమన్ నెలలకి 590 కలపండి, మిగతా నెలలకి 591. ఖుర్దాద్ 1350 అంటే 1941 ఏప్రిల్ ప్రాంతం. హిజ్రీకి ఈ కూడిక పనికిరాదు, అది చాంద్రమానం, ఏడాదికి పది పదకొండు రోజులు జరిగిపోతుంటుంది. దానికి తేదీలు మార్చే పట్టికలు చూసుకోవాలి.

అంకెలే లేకుండా పద్యం మాత్రం ఉన్న పలకలూ ఉంటాయి. అక్షరాలకి విలువలుంటాయి, ఒక మాటలోనో పాదంలోనో వాటిని కూడితే ఏడాది వస్తుంది. అలాంటిది కనిపిస్తే మీ తెలివి వాడకండి, ఫార్సీ తెలిసినవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లండి.

చదివాక ఆఖరి ప్రశ్న, మేం అడగనిది: ఈ పలక చెబుతున్నది బడి గురించా, ఇంటి గురించా? పాతబస్తీలో, కాచిగూడలో, నాంపల్లిలో ఎన్నో సర్కారు బడులు దేవిడీల్లో, అద్దె ఇళ్లల్లో నడిచాయి, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. డంగుసున్నం గోడలు, షాబాద్ బండలు, కమాను తలుపులు చూసి మురిసిపోవచ్చు, కానీ అవి ఇంటివి.

రిజిస్టర్: అసలు చరిత్ర ఉన్నది ఇందులోనే

బడిలో దొరికే కాగితాల్లో అడ్మిషన్ రిజిస్టర్‌ని మించింది లేదు. టీసీలకీ బోనఫైడ్‌లకీ ఎప్పుడైనా అవసరం పడుతుందని దాన్ని పారేయరు, పాత బీరువాలో అడుగున ఉంటుంది. ఆ బీరువా తాళంచెవి పెద్దసార్ దగ్గర ఉందనుకుంటారు. ఉండదు. అటెండర్ అన్న దగ్గర ఉంటుంది. పెద్దసార్లు మూడేళ్లకోసారి మారతారు, అటెండర్ అన్న ముప్పయ్యేళ్లుగా అక్కడే ఉంటాడు, ఏ పెట్టెకి చెదలు పట్టిందో, ఏది వానకి తడిసిందో, ఏది తెల్లకాగితాల కింద ఎత్తుగా పెట్టారో ఆయనకే తెలుసు. ముందు ఆయనతో చాయ్ తాగండి.

అనుమతి మాత్రం రాతపూర్వకంగానే తీసుకోండి. హెడ్మాస్టర్‌కి ఒక అర్జీ, దాని కాపీ డిప్యూటీ ఐఓఎస్ (బడుల డిప్యూటీ ఇన్స్పెక్టర్) ఆఫీసుకి. ఏం చూస్తారు, ఫొటోలు ఎందుకు తీస్తారు, ఏవి బయటపెట్టరు అన్నది అందులో రాయండి. జూన్‌లో వెళ్లకండి, అడ్మిషన్ల హడావుడి. మార్చి, ఏప్రిల్‌లో పది పరీక్షల టెన్షన్. దసరా సెలవుల తర్వాత నుంచి సంక్రాంతి లోపు మంచి కాలం, అదీ మధ్యాహ్న భోజనం అయ్యాక.

మా బడిలో దొరికిన అన్నిటికంటే పాత రిజిస్టర్ గురించి చెప్పాలి. ఎర్ర గుడ్డ అట్ట, వెన్ను ఊడిపోయి దారాలు కనిపిస్తున్నాయి, మూలలు ఎలుకలు కొట్టాయి. మేం అలవాటు కొద్దీ ఎడమ నుంచి తెరిచి చదువుకుంటూ పోయాం. ఇంగ్లీషులో ఉంది, మొదటి తేదీ 1949 జూన్. బడి 1949లో పుట్టిందా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నలభై పేజీల తర్వాత మూడు ఖాళీ పేజీలు, వాటి తర్వాత ఉర్దూ, అదీ తలకిందులుగా కాదు, మామూలుగానే, కానీ తేదీలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు వెలిగింది. ఉర్దూలో రాసిన గుమాస్తా పుస్తకాన్ని కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన ఇంగ్లీషు గుమాస్తా కాగితం దండగ చేయకుండా అదే పుస్తకాన్ని ఎడమవైపు నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరూ చెరో చివర నుంచీ నడిచొచ్చి మధ్యలో మూడు తెల్ల పేజీల దగ్గర ఆగిపోయారు. ఆ మూడు పేజీలని మేం మా పుస్తకంలో ఫొటోగా వేశాం, కింద ఏమీ రాయలేదు.

అసలు మొదటి పేజీకి, అంటే కుడి చివరకి వెళ్లి చూస్తే మొదటి గీతలో ఉండాల్సిన నంబరు 1 కాదు, 2118. అంటే దీనికి ముందు కనీసం ఒక రిజిస్టర్ ఉండేది, అది పోయింది. కాబట్టి మీకు దొరికిన పుస్తకంలో మొదటి తేదీ బడి మొదటి తేదీ అనుకోకండి, ముందు వరస నంబరు చూడండి. నంబరు ఒకటితో మొదలైతే అక్కడ ఏదో కొత్తగా జరిగింది: బడి పెట్టారో, విడదీశారో, కొత్త ఇంటికి మారి లెక్క మళ్లీ మొదలుపెట్టారో.

ఇక కాలమ్‌లు. 'ఇంతకుముందు చదివిన బడి' అనేది బంగారం లాంటి కాలమ్, చుట్టుపక్కల ఏ బడులుండేవి, ఏ బస్తీల నుంచి పిల్లలు నడిచొచ్చేవారు అన్నది దాంట్లో పడుతుంది. తండ్రి పని కాలమ్‌లో ఉర్దూ పేజీల్లో ములాజిమత్, తిజారత్, జిరాయత్ అని ఉంటాయి: నౌకరీ, వ్యాపారం, వ్యవసాయం. హైదరాబాద్ నడిమధ్య బడిలో జిరాయత్ ఏమిటి అనిపించింది మాకు, తర్వాత గుర్తొచ్చింది, అప్పట్లో అంబర్‌పేట అవతల అంతా పొలాలే కదా. మాదరీ జబాన్ అంటే తల్లిభాష. ఆ కాలమ్‌లో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ పక్కపక్కన కనిపిస్తాయి, అందరూ కూర్చుని చదివింది మాత్రం ఉర్దూలో. పుట్టిన తేదీలని మాత్రం నమ్మకండి. సగం మంది జూలై 1న పుట్టినట్టు ఉంటుంది, అవి తల్లి కన్న తేదీలు కావు, చేర్చుకున్న సార్ వేసిన తేదీలు.

1948 సెప్టెంబరు పేజీ దగ్గర మేం చాలాసేపు కూర్చున్నాం. 13 నుంచి 17 వరకు పోలీస్ చర్య, అంటే భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకోవడం, జరిగిన నెల. ఆ నెలలో కొత్త పేరు ఒక్కటీ లేదు. తర్వాతి మూడు నెలల్లో 'బడి విడిచిన తేదీ' కాలమ్ గబగబా నిండింది, కారణం దగ్గర అందరికీ ఒకటే మాట, ఊరు మారారు. ఎక్కడికో రాయలేదు. దాని మీద మీకు తోచిన కథ అల్లకండి, ఎంతమంది పోయారో లెక్కపెట్టి రాస్తే చాలు, చదివేవాళ్లకి అర్థమవుతుంది.

ఇంకో హెచ్చరిక. ఆ రిజిస్టర్లలో కులం, తండ్రి సంపాదన, పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. అవి బతికున్నవాళ్లవి, లేదా వాళ్ల పిల్లలవి. లెక్కలు తీయండి, పేర్లు బయటపెట్టకండి. ఎవరిదైనా పేజీ వేయాలనుకుంటే వాళ్ల ఇంట్లోవాళ్లని అడిగి వేయండి. 'ఫలానా ఐఏఎస్ మన బడే' అని సగం పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే ఉత్సాహవంతుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు, అతనికి ఫొటోలు తీసే పని ఇవ్వకండి.

ఫొటోలు ఎట్లా తీయాలంటే, కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పుస్తకం కింద రెండువైపులా దిండ్లో తువ్వాళ్లో పెట్టి, వెన్ను విరగకుండా. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు తీయాలి. వేలు నాలికకి అద్దుకుని పేజీ తిప్పేవాళ్లని దూరం పెట్టండి. ముందు అట్ట, తర్వాత పేజీలు వరసగా, ఖాళీ పేజీలు కూడా. చిరిగినచోట సెలోటేప్ వేయొద్దు, పదేళ్లకి ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది.

జీతాల యాక్విటెన్స్ రిజిస్టర్ దొరికితే మీ అదృష్టం. ఎవరు ఎప్పుడు పనిచేశారో నెలనెలా సంతకాలతో ఉంటుంది, గోడమీది హెడ్మాస్టర్ల బోర్డు కంటే వెయ్యిరెట్లు నమ్మొచ్చు (బోర్డు ఎవరో రంగులేసేటప్పుడు తిరగరాసింది, మా దాంట్లో ఇద్దరు పెద్దసార్లే మాయమయ్యారు). 1950ల మొదట్లో పేజీల్లో రూపాయల పక్కన ఓ.ఎస్., ఐ.జి. అని ఉంటే కంగారుపడకండి. ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, నిజాం రూపాయి, ఐ.జి. అంటే భారత ప్రభుత్వ రూపాయి. ఏడు నిజాం రూపాయలకి ఆరు భారత రూపాయలు. జీతం ఒక్కసారి తగ్గినట్టు కనిపిస్తే అది తగ్గడం కాకపోవచ్చు, రూపాయి మారడం కావచ్చు. ఇన్స్పెక్టర్లు వచ్చినప్పుడు రాసిన లాగ్ బుక్కులు కూడా అడగండి. 'నీళ్ల కుండ లేదు, రెండు క్లాసులు ఒకే గదిలో' లాంటి వాక్యాలు వాటిలో తప్ప ఇంకెక్కడా దొరకవు.

బడి ఏ సర్కారుది?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ ఎక్కడ వెతకాలన్నది దీనిమీదే ఆధారపడుతుంది. సికింద్రాబాద్ బడి అయితే పాత కాగితాలు నిజాం తాలీమాత్‌లో వెతికి లాభం లేకపోవచ్చు, కంటోన్మెంటు ప్రాంతం చాలాకాలం బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉంది. హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి ఆఫీసు) రికార్డులు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాళ్ల అభిలేఖ్ పటల్ సైట్‌లో ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. సుల్తాన్ బజార్ వైపు బడులకీ ఇదే చిక్కు, అవి రెసిడెన్సీ బజార్లు.

ఉప్పల్, కూకట్‌పల్లి లాంటి చోట బడి గేటు మీద 'ప్రభుత్వ ఉన్నత పాఠశాల' అని కాకుండా 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. ఇవాళ మహానగరంలో ఉన్నా అప్పుడవి ఊళ్లు. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది 1959లో, ఆ బడుల కాగితాలు జిల్లా పరిషత్ వైపు నడిచాయి, స్థలం ఇచ్చిన రైతు పేరు ఊళ్లో ఎవరో ఒకరికి గుర్తుంటుంది. 1978లో హైదరాబాద్ జిల్లాలోంచి రంగారెడ్డి జిల్లా విడిపోయినప్పుడు ఫైళ్లు కూడా పంచుకున్నారు, కాబట్టి ఒక ఆఫీసులో లేదంటే అసలు లేదని కాదు.

బయట ఎక్కడెక్కడ తిరగాలి

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్. గుర్తింపు కార్డు, ఏం పని మీద వచ్చారో చెప్పే ఉత్తరం పట్టుకెళ్లండి. 'మా బడి ఫైలు ఇవ్వండి' అంటే ఎవరూ ఇవ్వలేరు. తాలీమాత్ కేటలాగులో మీ బస్తీ పాత పేరు, పదేళ్ల వ్యవధి, వస్తానియానా ఫౌఖానియానా అన్నది చెప్పగలగాలి. 1880ల మధ్యకి ముందువైతే ఫార్సీ, తర్వాతవి ఉర్దూ. చేతిరాత షికస్తా అయితే, అంటే గొలుసుకట్టులా విరిచి రాసింది అయితే, ఉర్దూ పేపరు చదివేవాళ్లకి కూడా అందదు. మాకు దారి చూపింది మా బడి ఉర్దూ టీచరమ్మే. రెండు ఆదివారాలు మా ఫొటోలు ముందేసుకుని, "ఈ బాబు రాత చూస్తే నా స్టూడెంట్ అయ్యుంటే కొట్టేదాన్ని" అనుకుంటూ చదివిపెట్టింది. మీ బడిలో ఉర్దూ మీడియం ఉంటే ఎక్కడికో పోకండి, పక్క వరండాలో అడగండి.

అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అదే పాత ఆసఫియా, 1891లో మొదలైంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1901 నుంచి ఉంది. పాత పత్రికల కోసం ఈ రెండూ తిరగండి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక, 1949 నుంచి వస్తున్న సియాసత్ లాంటివాటిలో బడి పేరు వార్షికోత్సవాల వార్తల్లో, పరీక్షా ఫలితాల్లో తగులుతుంది. మొత్తం ఏడాది తిరగేస్తే కళ్లు పోతాయి, ఫలితాల నెలలూ వార్షికోత్సవాల నెలలూ మాత్రం చూడండి.

తెలుగు మీడియం బడి అయితే సర్కారు ఫైళ్లలో సగం కథే ఉంటుంది. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో మొదలుపెట్టిన బాలికల పాఠశాల ఇక్కడి గుర్తింపు కోసం ఎదురుచూడకుండా పుణేలో కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవాల్సి వచ్చింది. అలాంటి బడి చరిత్ర ఆంధ్రోద్యమం (నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు తమ భాష కోసం నడిపిన ఉద్యమం) కాగితాల్లో, పత్రికల్లో వెతకాలి.

ఇంట్లోంచే చూడగలిగేవి కూడా ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాత, 1910ల్లో లియోనార్డ్ మున్ చేయించిన మునిసిపల్ సర్వే మ్యాపుల్లో ఒక్కో ఇల్లూ, బావీ కనిపిస్తాయి. మా దేవిడీ ఉన్నచోట దాంట్లో తోటా, ఒక బావీ మాత్రమే ఉన్నాయి. ఆ బావి ఇప్పటికీ ఉంది, పైన సిమెంటు పలక వేసి పిల్లలు దానిమీద కూర్చుని అన్నం తింటారు. నిజాం ప్రభుత్వ వార్షిక పరిపాలనా నివేదికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కొన్ని దొరుకుతాయి, చదువుల అధ్యాయం చూడండి. ఇక యూడైస్, అంటే దేశంలో బడుల వివరాల సర్కారు జాబితా, 36తో మొదలయ్యే ఆ పదకొండు అంకెల కోడ్ కొడితే బడి స్థాపించిన ఏడాది వస్తుంది. దాన్ని ఆధారం అనుకోకండి. ఆ ఫారం నింపిన సార్ కూడా మనలాగే పలక చూసో ఎవరినో అడిగో రాశాడు.

ఆర్టీఐ వేయొచ్చు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కానీ 'మా బడి చరిత్ర తెలుపగలరు' అని రాస్తే 'సమాచారం అందుబాటులో లేదు' అని ఒక లైను వస్తుంది, మాకు సరిగ్గా అదే వచ్చింది. హైస్కూలుగా అప్‌గ్రేడ్ చేసిన ఉత్తర్వు నకలు, ఇంటి అద్దె ఒప్పందం నకలు, ఫలానా ఏళ్ల మధ్య మంజూరైన పోస్టుల వివరాలు అని విడివిడిగా అడగండి. రెండోసారి అట్లా అడిగితే అద్దె ఒప్పందం చేతికొచ్చింది, బడి దేవిడీలోకి వచ్చిన ఏడాది దాంతోనే తేలింది.

పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

పాత సార్లనీ, పాత పిల్లలనీ (వాళ్లకిప్పుడు ఎనభై) "మీరు ఏ ఏడాది చదివారు సార్" అని అడగకండి. ఏడాది ఎవరికీ గుర్తుండదు, చెప్పినా తప్పు చెబుతారు. పోలీస్ చర్యకి ముందా తర్వాతా, హాలీ సిక్కా (అదే నిజాం రూపాయి) నడిచిన రోజులా, నయా పైసలు వచ్చాకా (అది 1957), సిటీ కాలేజీ దగ్గర ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు) గొడవలో కాల్పులు జరిగినప్పుడు, అంటే 1952లో, ఏ క్లాసు, అరవై తొమ్మిది తెలంగాణ గడబిడలో బడి మూసినప్పుడు ఎక్కడున్నారు, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న ఏడాది (1979) పెద్దసార్ ఎవరు. ఇట్లా అడిగితే తేదీలు వాటంతట అవే సర్దుకుంటాయి. పదో పన్నెండో అని కూడా తికమక పడకండి, వాళ్లు హెచ్.ఎస్.సి. అంటారు, మల్టీపర్పస్ అంటారు, ఇప్పటి టెన్త్ ప్లస్ ఇంటర్ పద్ధతి తర్వాత వచ్చింది.

చేతిలో ఒక వస్తువు పెడితే మాటలు బాగా వస్తాయి. మేం ఒక పెద్దాయన దగ్గరికి బడి గంట ఫొటో పట్టుకెళ్లాం. మా బడి గంట అంటే నిజంగా గంట కాదు, వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అంతవరకూ "నాకేం గుర్తులేదు బిడ్డా" అంటున్న ఆయన ఆ ఫొటో చూసి, "ఇది ఈ చెట్టుకి కాదు, పాత ఇంట్లో చింతచెట్టుకి ఉండె, ఇల్లు మారిననాడు నేనూ ఇంకో ముగ్గురం భుజాల మీద మోసుకొచ్చినం" అన్నాడు. పాత ఇల్లు ఏ గల్లీనో అట్లా తెలిసింది. మరుసటి ఆదివారం ఆయన్నే ఆటోలో ఎక్కించుకుని వెళ్తే అక్కడ ఇప్పుడు మొబైల్ షాపుల కాంప్లెక్స్ ఉంది, ఆయన దాని ముందు నిలబడి ఏ షట్టర్ దగ్గర ఏ క్లాసు ఉండేదో వేలితో చూపించాడు.

పెద్ద పెద్ద పేర్లు వినబడితే మాత్రం ఆగండి. సికింద్రాబాద్‌లో సగం పాత బడులకి వివేకానందుడు వచ్చాడని చెప్పుకుంటారు. ఆయన 1893 ఫిబ్రవరి 13న మాట్లాడింది మహబూబ్ కాలేజీలో. మీ బడికీ వచ్చాడంటే కాగితం చూపించమనండి. కాగితం లేకపోతే 'అని చెప్పుకుంటారు' అని రాయండి, చెప్పుకోవడం కూడా బడి చరిత్రే కాబట్టి తీసేయక్కర్లేదు.

రాయడం, అచ్చు

రాసేటప్పుడు ప్రతి సంగతి పక్కనా అది రిజిస్టర్‌లో చూసిందా, ఎవరో చెప్పిందా అన్నది ఉండాలి. రెండు ఆధారాలు కొట్టుకుంటే రెండూ వేయండి. మా పుస్తకంలో 'బడి పుట్టిన ఏడాది' అని ఎక్కడా లేదు. వస్తానియాగా కాగితాల్లో మొదట కనిపించింది ఎప్పుడు, దేవిడీలోకి వచ్చింది ఎప్పుడు, హైస్కూలు అయింది ఎప్పుడు అని మూడు తేదీలున్నాయి. శతాబ్ది ఏది చేసుకోవాలి మరి అని గ్రూపులో అడిగారు. మూడూ చేసుకోండి, భోజనాలు మూడుసార్లు వస్తాయి అన్నాను.

ఇక రిపేర్లు. బడికి రంగులు, మరమ్మతులు మంజూరయ్యాయని వినగానే మేస్త్రీ కంటే ముందు మీరు వెళ్లండి. పలకలు, పాత బోర్డులు, తలుపుల మీది రాతలు, గోడమీది పెన్సిల్ లెక్కలు అన్నీ ఫొటోలు తీసేయండి. మా పలక మీద ఆ తర్వాత ఇంకో రెండు పూతలు నీలం పెయింట్ పడింది.

రెండొందల కాపీలు చాలు, ఎక్కువ వేస్తే ఎవరింట్లోనో మంచం కింద ఉంటాయి. బడి బీరువాలో రెండు, అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి ఒకటి, భాషా నిలయానికి ఒకటి, ఆర్కైవ్స్‌కి ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. చివర నాలుగు తెల్ల పేజీలు వదలండి, దిద్దుబాట్లకి. మా బడి కాపీలో అప్పుడే ఒకటి పడింది: 41వ పేజీలో నేను వేపచెట్టు అని రాసినచోట అటెండర్ అన్న పెన్సిల్‌తో కొట్టేసి 'కానుగ' అని రాశాడు. వెళ్లి చూశాను. కానుగే.